చేదుకు కాటా

సీసా నా చిటికెన వేలంత.
చెంగ్డూలో బయల్దేరి, చెన్నైలో నాలుగు రోజులు ఆగి,
దర్గామిట్టలో మా ల్యాబు ఫ్రిజ్‌లోకి చేరింది.
అడుగున అంటీ అంటనట్టు తెల్లపొడి, ఇరవై మిల్లీగ్రాములు,
ధర నా సగం జీతం.
చీటీ మీద వాళ్ళ పేరు: చువాన్ షిన్ లియెన్.
గుండెలోంచి దూసుకుపోయే తామర అని అర్థమట.

తామరేంది,
ఉదయగిరి దుర్గం కింద రాళ్ళ సందుల్లో
మోకాలెత్తు కూడా లేవని మొక్క.
మనకది నేలవేము.
నడుం వంచి అడిగితేనే ఇస్తుంది.

ఏజెంటు వెంగయ్య మూడు గోతాలు దించాడు.
మోసేందుకు మానికల అంకమ్మను వెంట తెచ్చాడు.
మెట్ల మీద కూర్చుని ఆమె
ఒక్కో గోతంలోంచి ఒక్కో ఆకు తీసి కొరికింది.
"ఇది మేం కోసిందే.
ఇదీ మాదే.
థూ. ఇది ఎవురిదో మే,
పూత రాలినాక కోసినారు, కాడలు కలిపినారు."

నేను తలూపి లోపలికొచ్చాను.
తలూపడం నా పద్ధతి కాదు, కొలవడం నా పద్ధతి.

దంచాను, జల్లించాను,
మెథనాల్లో మరిగించి వడకట్టాను.
ఆకుపచ్చ రసం ఇరవై మైక్రోలీటర్లు,
చీమ కన్నీరంత,
సూదిలోకి లాగి మిషన్‌కు అందించాను.

కాలమ్‌లో ఏం జరుగుతుందో
మా చెల్లెలికి ఇలా చెప్పాను ఒకసారి:
ఉదయగిరి నుంచి నెల్లూరు బస్సు అనుకో.
దారి పొడుగునా సీట్లకు నూనె పూసుంది.
నీళ్ళంటే ప్రాణమైనవాళ్ళు
ఆ నూనె తగలగానే దుత్తలూరులోనే దిగిపోతారు.
కొంచెం జిడ్డు అలవాటున్నవాళ్ళు ఆత్మకూరు దాకా, సంగం దాకా.
ఒళ్ళంతా జిడ్డే అయినవాళ్ళు
నెల్లూరొచ్చినా లేవరు, కండక్టరు అరవాల్సిందే.
ఎవరి స్టాపు వాళ్ళది, రోజూ అదే.
చేదు దిగే స్టాపు
ఆరు నిమిషాల ఇరవై సెకన్లు.

తెర మీద గీత
బుచ్చి పొలాల్లా చదునుగా సాగి సాగి
ఉన్నట్టుండి దుర్గంలా లేచింది.
చెంగ్డూ కొండ మీద మన కొండను పెట్టి చూశాను.
శిఖరం మీద శిఖరం కూర్చుంది.
ఆ మాత్రానికే ఒళ్ళు జలదరించింది నాకు,
ఎవరితోనూ అనలేదు.

మొదటి గోతం రెండు పాయింట్ తొమ్మిది శాతం.
రెండోది రెండు పాయింట్ ఏడు.
మూడోది సున్నా పాయింట్ ఎనిమిది.
నాకు రెండు రోజులు పట్టింది,
రెండు లీటర్ల మెథనాలు పట్టింది.
ఆమెకు ఒక ఉమ్ము.

వెంగయ్య ఫోన్లో బతిమాలాడు:
"మూడూ కలిపి ఒకే శాంపిల్ అని రాయమ్మా.
సరాసరి రెండు దాటుతుంది గదా, కంపెనీకి అంతే గావాల."
లెక్క వేశాను. నిజమే, దాటుతుంది.
అంకమ్మ చేదు మీద
ఆ గడ్డి దర్జాగా సవారీ చేసి పోతుంది.

కిలోకి ఎంతిస్తున్నావని అడిగాను.
"ఏదైనా ఇరవై ఎనిమిదే."
ఊళ్ళో కాటా బరువే చూస్తుంది.
ఇక్కడి కాటా చేదు చూస్తుంది.
రెండు కాటాల మధ్య తొంభై కిలోమీటర్ల పైమాటే.

మూడు అంకెలూ విడివిడిగా రాశాను.
కింద సంతకం, షేక్ గౌసియా, అనలిస్టు.
కోసినవాళ్ళ పేరుకు ఫారంలో గడి లేదు,
రిమార్కుల్లో ఇరికించాను.
దాన్ని ఎవరూ చదవరు, తెలుసు.

సాయంత్రం కాలమ్ కడుగుతూ,
చేయకూడని పనే, అయినా
ఒకటో గోతం ఆకు ఒకటి, మూడోది ఒకటి
కళ్ళు మూసుకుని నమిలాను.
రెండూ ఒకేలా చేదు.
మళ్ళీ నమిలాను. అంతే చేదు.

తర్వాతి లోడుతో వచ్చినప్పుడు చెప్తే
అంకమ్మ పడీ పడీ నవ్వింది.
"పొద్దస్తమానం టీ తాగతా ఉంటివి,
ఇంక నాలికేం పనిజేస్తది మే?
నీ మిషన్నే నమ్ముకో."